నెగటివ్ పోయాక

నెగటివ్ బతికున్న రోజుల్లో పల్నాటి పెళ్లి ఫొటోకి రెండిళ్లు ఉండేవి. ప్రింటు పెళ్లివారింట్లో, గోడకి కొట్టిన మేకుకో, బీరువాలో పట్టుచీరల మడతల కిందో ఉండేది. నెగటివ్ స్టూడియోలో ఉండేది. నరసరావుపేట, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, ఏ ఊరి స్టూడియో అయినా లోపలి గదిలో ఒక ఇనప బీరువా, అందులో వరసగా పేర్చిన పల్చటి కాగితం కవర్లు, కవరు మీద పెన్సిలుతో నంబరు, తేదీ, ఇంటిపేరు. ప్రింటు వెనక కూడా రబ్బరు స్టాంపు కింద అదే నంబరు. ఇంట్లో ఫొటోకి చెద పట్టినా, వానకి గోడ చెమర్చి మొహాలు అద్దానికి అంటుకుపోయినా, అన్నదమ్ములు వేరుపడి నాయన ఫొటో నాకంటే నాకని కొట్టుకున్నా, ఆ నంబరు పట్టుకుని స్టూడియోకి వెళ్తే సరిపోయేది. "ఇంకో కాపీ తీసియ్యి అబ్బాయ్" అంటే రెండు మూడు రోజుల్లో కాపీ చేతిలో పడేది.

మనిషి పోయాకే ఈ పని ఎక్కువ పడేది. బతికుండగా ఒంటరిగా ఫొటో దిగని మనుషులే అప్పుడంతా. ఎవరిదో పెళ్లిలో, గ్రూపు ఫొటోలో మూడో వరసన నిలబడ్డ తలని వేలు పెట్టి చూపిస్తే, స్టూడియో ఆయన నెగటివ్ తీసి ఆ ఒక్క తలనే పెద్దది చేసేవాడు. ఎర్రబల్బు వెలుతురులో, డెవలపర్ తొట్టిలో తెల్లకాగితం మీద ముందు కళ్లు తేలేవి, తర్వాత మీసం, ఆ తర్వాత తలపాగా. హైపోలో ముంచి, కడిగి, క్లిప్పు పెట్టి ఆరేసేవాళ్లు. టచింగ్ అని ఇంకో పని ఉండేది. సూదిలా చెక్కిన పెన్సిలు ములికితో నెగటివ్ మీదే చుక్కలు పెడుతూ, అమ్మవారు పోసినప్పుడు మొహం మీద మిగిలిన గుంటలు పూడ్చేవాళ్లు. నెగటివ్ మీద నలుపు పడితే ప్రింటులో అది తెలుపు. బతికున్నప్పుడు లేని నునుపు దండ వేసే ఫొటోలో వచ్చేది.

స్టూడియో ఆయన్ని మహానుభావుణ్ణి చేయనక్కర్లేదు. నెగటివ్‌ని ఆయన దాచింది మనమీద ప్రేమతో కాదు. అది తన దగ్గరుంటే గిరాకీ మళ్లీ తన దగ్గరికే వస్తుందని. ఆ స్వార్థమే మనకి బీమా అయింది.

పతనం రంగుల రోజుల్లోనే మొదలైంది. కలర్ రోలు కడగడం ఊళ్లో స్టూడియో వల్ల కాదు. రోళ్లు బస్సెక్కి గుంటూరుకో విజయవాడకో ల్యాబుకి వెళ్లేవి. తిరిగి వచ్చేటప్పుడు ఒకే కవర్లో ఓ పక్క ప్రింట్లు, ఓ పక్క నెగటివ్ ముక్కలు. ఆ కవరు నేరుగా గిరాకీ చేతికి పోయేది. అంటే రెండో ఇల్లు అప్పుడే కూలింది. ఇంటికొచ్చిన నెగటివ్ ఏమైందో ఆ తరం వాళ్లందరికీ తెలుసు. పిల్లలు సూర్యగ్రహణం చూశారు.

ఆ మీదట కూలింది పెద్దల కోట. 1888 నుంచి కొడాక్ అనే మాట ఫొటోకి మారుపేరుగా ఉంది. ఫిల్మే అక్కర్లేని కెమెరాని 1975లో తయారుచేసింది ఆ కొడాక్‌లోనే పనిచేసే స్టీవ్ సాసన్ అనే ఇంజనీరు. ఫిల్ము అమ్ముకుని బతికే కంపెనీ దాన్ని అటకెక్కించింది. 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టు మెట్లెక్కింది. మన దేశానికి సొంత ఫిల్ము ఉండాలని 1960లో ఊటీలో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అంతకు ముందే, 1990లలోనే ఖాయిలా పడింది. దాని 'ఇందు' ఫిల్ము పెట్టెలు చూసిన చివరి తరం ఇప్పుడు మనవలతో ఆడుకుంటోంది.

మరి బీరువాల్లో ఉన్న ఆ కవర్లు? నలుపు తెలుపు నెగటివ్‌లో మనకి కనపడే బొమ్మంతా వెండి రేణువులే. కొట్టు ఖాళీ చేసేవాడికి పాత నెగటివ్ అంటే కిలోల లెక్కన తూచే సరుకు. వాడిన హైపోలోంచీ ఎక్స్‌రే ఫిల్ముల్లోంచీ వెండి తీసేవాళ్లు వీటినీ కొన్నారు. మన సినిమాకీ ఇదే గతి పట్టింది. పాత రీళ్లెన్నో వెండి కోసమే కరిగాయి. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కి ఇవాళ చూడ్డానికి ఒక్క ప్రింటూ లేదు.

పల్నాటికి ఇది కొత్త దుఃఖం కాదు. ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉన్న అమరావతిలో దీపాలదిన్నె అనే మట్టిదిబ్బ కింద మహాస్తూపం ఉండేది. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన కథలు, మనుషులు, ఏనుగులు. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అక్కడ కొత్త రాజధాని కట్టిస్తూ ఇటుకకీ రాయికీ ఆ దిబ్బ తవ్వించాడు. 1797లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి వచ్చి చూసిపోయాడు. 1816లో ఆయన మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్య చెరువు గుంట ఉంది. రాళ్లు కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని బట్టీలో కాలి సున్నమయ్యాయి. పిడుగురాళ్ల దారిలో సున్నం బట్టీల పొగ చూసినప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

ఆ రాళ్లని ఎవరూ పగబట్టి కాల్చలేదు. పగకి పేరు పడ్డ సీమలో బొమ్మలు మాత్రం పగవల్ల చావలేదు. ఇల్లు కట్టుకోవాలి, సున్నం కావాలి, అంతే. మెకంజీ తన చిత్రకారులతో ఉన్న రాళ్లకి ఉన్నట్టు బొమ్మలు గీయించాడు. ఆ కాగితాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిల్లో ఉన్న కొన్ని రాళ్లు ఈ లోకంలో ఎక్కడా లేవు. పోయినవాటిల్లో బొమ్మ గీసి వేరే ఊరికి పంపినవి మాత్రమే మనకి తెలుసు. పోయిన మన రాయి ఎలా ఉండేదో చూడాలంటే పరాయి దేశం లైబ్రరీలో పుట తిప్పాలి. అవమానమనిపిస్తుంది, నిజమే. ఆ పుట కూడా లేకపోతే అవమానపడటానికీ ఏమీ ఉండేది కాదు.

ఇక ఫోను సంగతి.

శివరాత్రికి కోటప్పకొండ వెళ్లి చూడండి. 80, 90 అడుగుల ప్రభలు కరెంటు దీపాలతో వెలుగుతుంటే కింద వేల ఫోన్లు పైకి లేస్తాయి. రోలుకి 36 ఫొటోలు అని లెక్కపెట్టి నొక్కిన కాలం కాదిది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పొలంగట్టు మీదా డేటా పారింది. ఒక్కో ఫోనులో వేల బొమ్మలు. వాటికి ఇల్లు చూపించినవాళ్లూ ఉన్నారు. 2015 మేలో గూగుల్ ఫొటోస్ వచ్చి, కాస్త సైజు తగ్గిస్తాం గానీ ఎన్నయినా దాచుకోండి, డబ్బులొద్దు అంది. అంతకు ముందు ఆర్కుట్‌లో పెట్టుకున్నవాళ్లు 2014లో అది మూతపడటం చూశారు. పికాసా ఆల్బమ్‌ల సేవ 2016లో ఆగిపోయింది. అయినా నమ్మారు. 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం ఆగింది. ఇప్పుడు 15 జీబీ, అందులోనే జీమెయిలు, అందులోనే డ్రైవు, 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే. నిండితే ఫొటోలు పైకెక్కడం ఆగిపోతుంది. ఆగిందని ఇంగ్లిషులో ఒక చిన్న వాక్యం కనపడుతుంది. చదివేదెవరు?

ఈ కింది కథ ఏ ఒక్కరిదీ కాదు. రెంటచింతల నుంచి వినుకొండ దాకా మొబైల్ షాపు బల్లల మీద జరిగేవన్నీ కలిపి చెబుతున్నాను.

"మెమరీ ఫుల్ అని వస్తోంది నాయనా, ఫోను బిగుసుకుపోతోంది."

"నేను చూస్తా పెద్దమ్మా."

"మా ఆయన ఫొటోలున్నయ్, పోవుగదా?"

"అన్నీ గూగుల్లో ఉన్నయ్ పెద్దమ్మా. ఇక్కడ తీసేసినా ఏం కాదు."

కుర్రాడు మోసగాడు కాదు. అతను నమ్మిందే చెప్పాడు. ఫొటోస్ యాప్ తెరిచి, వేలు జార్చి వందల కొద్దీ ఎంచి, చెత్తబుట్ట గుర్తు నొక్కాడు. అన్ని చోట్ల నుంచీ పోతాయి, సరేనా అని యాప్ అడిగింది. సరే అన్నాడు. ఫోను తేలికపడింది. పెద్దమ్మ యాభై రూపాయలిచ్చి వెళ్లింది.

అక్కడ జరిగింది ఇదీ. క్లౌడ్ మనం అనుకున్నట్టు బీరువా కాదు, అద్దం. ఇక్కడ మొహం తప్పిస్తే అందులోనూ తప్పిపోతుంది. ఆ యాప్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే బటన్ ఉంది. పైకి చేరిన ఫొటోలని ఫోనులోంచి మాత్రమే తీసేది అది. చెత్తబుట్ట నొక్కితే రెండుచోట్లా పోతాయి. పైకి చేరినవి 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, ఆ తర్వాత దేవుడు కూడా తేలేడు. ఐఫోన్‌లో ఐక్లౌడ్‌ది కూడా ఇదే స్వభావం, అక్కడ గడువు దాదాపు 30 రోజులు.

చెరిపినవాటిలో సగం అసలు పైకే చేరలేదు. మామూలుగా ఆ యాప్ వైఫై దొరికితేనే పంపుతుంది. పెద్దమ్మ ఇంట్లో వైఫై లేదు, రోజుకి ఒకటిన్నర జీబీ రీచార్జ్ ఉంది. వైఫై కోసం కాచుకుని ఏళ్ల తరబడి ఆ ఫొటోలు ఫోనులోనే కూర్చున్నాయి. కొడుకు హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో పంపినవి వేరే ఫోల్డరులో పడతాయి. ఆ ఫోల్డరుకి బ్యాకప్ విడిగా ఆన్ చెయ్యాలని ఆమెకెవరూ చెప్పలేదు. పైగా ఆ జీమెయిలు ఖాతా ఫోను కొన్ననాడు షాపులో ఎవరో తెరిచింది. పాస్‌వర్డ్ ఆ అట్టపెట్టె మీద రాశారు, అట్టపెట్టె పొయ్యిలోకి పోయింది. అప్పటి సిమ్ నంబరూ మారింది.

60 రోజులు దాటాక పెద్దమ్మ భర్త సంవత్సరీకం వచ్చింది. ఫ్లెక్సీ వేయించాలి. మిరప కల్లంలో, ఎండుకాయల రాశి పక్కన తలగుడ్డ విప్పి నవ్వుతూ దిగిన ఫొటో ఉండాలి, అదే కావాలంది. ఫోనంతా వెతికారు. బంధువుల్లో ఒకరి దగ్గర వాట్సాప్‌లో చేతులు మారి మారి మసకబారిన తునక దొరికింది. ఫ్లెక్సీ సైజుకి సాగదీస్తే మొహం గళ్లుగళ్లుగా విరిగింది. చివరికి ఆధార్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేశారు. పల్నాటి ఊళ్లల్లో నూటికో కోటికో ఒకటి కాదు, రోడ్డు పక్కన చాలా ఫ్లెక్సీల మీద మీరు చూసే బిగుసుకున్న మొహం అలాంటిదే.

సున్నం కోసం రాళ్లు పోయాయి, వెండి కోసం నెగటివ్‌లు పోయాయి, జాగా కోసం ఇవి పోయాయి. ప్రతిసారీ తీసేసినవాడిది చిన్న అవసరమే, చెడ్డ బుద్ధి కాదు. ఈ సీమలో చెక్కుచెదరక మిగిలిందేదైనా ఉందంటే అది పలుచోట్ల ఉన్నందువల్లే మిగిలింది. పల్నాటి వీరుల కథ దాన్ని పాడే వీరవిద్యావంతుల గొంతుల్లో నిలిచింది. ఒక గొంతు మూగబోతే ఇంకో గొంతు అందుకుంది. జీన్ రోగేర్ అనే అమెరికన్ 1970లలో ఇక్కడికొచ్చి అలిశెట్టి గాలేయ్య పాడింది టేపులో పట్టుకెళ్లి, 1982లో ఇంగ్లిషులో పుస్తకం వేశాడు. పల్నాట్లో ఉన్న కథ పల్నాట్లోనే ఉంది, ఇంకో ప్రతి దూరాన ఉంది.

స్టూడియోలు తిరిగి రావు, రమ్మని నేనడగను. ఫోనుకి మాత్రం మనమే ఆ లోపలి గది బీరువా కావాలి. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ అమ్మగారి ఫోను చేతిలోకి తీసుకోండి. ఫొటోస్ యాప్‌లో పైన ఖాతా బొమ్మ నొక్కితే బ్యాకప్ పూర్తయిందో, ఎన్ని మిగిలాయో చెబుతుంది. మీ ఫోను హాట్‌స్పాట్ పెట్టి ఆ రాత్రంతా పంపనివ్వండి. వాట్సాప్ ఫోల్డరు ఆన్ చెయ్యండి. ఖాతాకి మీ నంబరు రికవరీకి ఇచ్చి, పాస్‌వర్డ్ ఇంటి పద్దు పుస్తకంలో రాయండి. రెండేళ్లు ముట్టుకోని ఖాతాలని గూగుల్ తీసేయొచ్చు, పోయినవాళ్ల ఖాతా అయితే ఈలోగానే ఫొటోలు దింపుకోండి. ఒక పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్ డిస్క్‌లోకో కేబుల్‌తో ఎక్కించి, దాన్ని వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువుకివ్వండి. అద్దంతో సంబంధం లేని ప్రతి అదొక్కటే. ఫొటో ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, అసలు సైజు చెడదు. ఇవన్నీ అయ్యాకే ఆ ఫోనులో ఏదైనా తీసెయ్యండి.