పీఠము విడుచు విద్య

కర్నూలునుండి కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరునకు బోవు త్రోవలో నున్న మా గోనెగండ్లవారికి మంత్రాలయము దూరపు క్షేత్రము కాదు. ఇరుగింటి పెద్దదిక్కు వంటిది. మాలో కన్నడము వచ్చినవారు ‘రాయరు’ అనియు, రానివారు ‘స్వాములవారు’ అనియు రాఘవేంద్రులను స్మరింతురు గాని, శ్రావణమాసము వచ్చుసరికి ఇరువురి నోటను వెలువడు మాట ఒక్కటే: ఆరాధనకు పోవలెను. 1671వ సంవత్సరమున జరిగిన బృందావన ప్రవేశమునకు 2021తో 350 సంవత్సరములు నిండిన సందర్భమును పురస్కరించుకొని వెలువడు ఈ ప్రత్యేక సంచికలో స్వామివారి మహిమలను వర్ణించువారు పెక్కురుందురు. ఆ భారమును వారికే విడిచి, ఈ మఠచరిత్రలో నా బుద్ధికి మిక్కిలి విలువైనదిగా తోచిన లౌకిక పాఠము నొకదానిని మాత్రము మనవి చేయదలచితిని.

శ్రావణ బహుళ పాడ్యమి, విదియ, తదియలలో పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన లను పేర్లతో జరుగు ఈ మహోత్సవము దేనిని గూర్చినదో మనము తరచుగా మరతుము. స్వామివారి జన్మదినమునకును, పట్టాభిషేకమునకును ఫాల్గుణమాసమున వేరుగా వేడుకలు గలవు. అయినను జనులు వెల్లువయై తుంగభద్ర యొడ్డునకు కదలివచ్చునది ఆ దినములకు కాదు. ఒక పీఠాధిపతి తన పీఠమును మరియొకరి చేతికప్పగించి తాను తొలగిన దినమునకే. లోకమున సింహాసన మెక్కిన దినమునకు బాజాలు మ్రోగును. దిగిన దినమునకు మూడున్నర శతాబ్దములుగా బాజాలు మ్రోగుచున్న చోటు మన సీమలో నున్నదనుట మనము గర్వింపదగిన విషయము.

ఇంత వన్నెగా దిగగలిగినవారు ఆ పీఠమును ఎట్లు ఎక్కిరో చూడవలెను. 1595లో భువనగిరిలో జన్మించిన వేంకటనాథుడు కుంభకోణమున సుధీంద్రతీర్థులకడ శాస్త్రాభ్యాసము చేసిన గృహస్థు. ఇంట భార్యయు, పసివాడైన కుమారుడును గల ఆ పండితుడు, గురువు తనను వారసునిగా నెన్నుకొనగా వెంటనే చేయి చాపలేదు. తటపటాయించెను, కాదనెను, పిమ్మట సరస్వతీదేవి స్వప్నమున దర్శనమిచ్చి ప్రబోధించినమీదట మాత్రమే సమ్మతించె నని సంప్రదాయము చెప్పుచున్నది. 1621లో తంజావూరున సన్న్యాసము స్వీకరించి రాఘవేంద్రతీర్థులైరి. అంతకుముందే సుధీంద్రులు తమ అస్వస్థతాసమయమున యాదవేంద్రతీర్థులకు ఆశ్రమమిచ్చియుండిరట. గురువు గతించిన పిమ్మట ఆ యాదవేంద్రులు తిరిగిరాగా, తనకంటె ముందు ఆశ్రమము పొందినవారని రాఘవేంద్రులు పీఠమును వారి యెదుట నుంచిరనియు, వారు ఆదరముతో వలదని తమ దారిని తాము వెడలిరనియు పెద్దలు చెప్పుదురు. చేతికి వచ్చిన అధికారమును ఇచ్చుటకు సిద్ధపడిన వారొకరు, ఇచ్చినను పుచ్చుకొనని వారొకరు! దిగుట యను విద్య ఎక్కిననాడే అలవడవలయునే గాని, తుదినాటి అభ్యాసమున పట్టుబడునది కాదు.

అటుపిమ్మట అర్ధశతాబ్దము స్వామివారు సంస్థానమును నడపిరి, జయతీర్థుల న్యాయసుధకు పరిమళమను వ్యాఖ్యను రచించిరి, దేశసంచారము చేసిరి. చివరకు ఆదవాని పాలకుడైన సిద్ది మసూదుఖాను సారవంతములైన గ్రామముల నిచ్చెదననినను కాదని, తుంగభద్రాతీరమున బీడుపడియున్న మంచాల గ్రామమును, అనగా నేటి మంత్రాలయమును, కోరి పుచ్చుకొనిరని ప్రతీతి. మఠమునకు అప్పటికి కేంద్రము కుంభకోణము. తాను విశ్రమింపదలచిన చోటును మాత్రము ఆయన ఆ కేంద్రమునకు ఎంతో దూరముగా నేర్పరచుకొనిరి. తొలగిన పెద్ద తన పాత గదికి ప్రక్కగదిలో కూర్చుండి తలుపు సందునుండి తొంగిచూచుచుండినచో క్రొత్తవాని చేయి ఆడదను సత్యమును ఎరిగినవారి నిర్ణయముగా నాకు ఇది కానవచ్చుచున్నది.

ఆ తరువాతి క్రమమును గమనింపుడు. ప్రవేశదినమును ముందుగానే ప్రకటించిరి. ఆదవాని దివాను వెంకన్నను పిలిచి మాధవరమునుండి శిలను తెప్పించి బృందావనమును సిద్ధము చేయించిరి. మూలరాముల అర్చనతో గూడిన సంస్థానమును యోగీంద్రతీర్థుల కప్పగించిరి. సమావేశమైన శిష్యులకు హితము చెప్పిరి. అటుపై జపమాల చేతబట్టి ధ్యానమున కూర్చుండగా, ఆ మాల చలనము నిలిచిన క్షణమున శిష్యులు శిలలను పేర్చిరని కథనము. అనగా, అప్పగింత ముందు, వీడ్కోలు తరువాత. వారసుడెవరను ప్రశ్న ఆ దినమున ఒక్క శిష్యుని మనస్సునందును మిగులలేదు. వేలమంది కన్నీరు పెట్టినను మఠము ఒక్క పూటయైన పెద్దలేనిదై యుండలేదు.

ఈ కథలో నన్ను మిక్కిలి ఆకర్షించునది ఒక రాయి. వెంకన్న మొదట వేరొక శిలతో బృందావనమును చెక్కించెనట. స్వామివారు దానిని తమకు గ్రహింపక, ముందు మరియొకరికి పనికివచ్చును, భద్రపరుపుమనిరట. యోగీంద్ర, సురీంద్ర, సుమతీంద్ర, ఉపేంద్రతీర్థుల పిమ్మట పీఠమునకు వచ్చిన వాదీంద్రతీర్థులు 1750లో గతింపగా ఆ రాయియే వారికి బృందావనమైనది. నేడును రాఘవేంద్రుల సన్నిధి ప్రక్కనే దానిని దర్శింపవచ్చును. మహిమ యనువారు అననిండు. దిగిపోవుచున్న పెద్ద తన తరువాతి ఐదవవానికిగూడ చోటు చూచిపెట్టెనను అర్థము నాకు చాలును.

యతులకు చెల్లినది సంసారులకు చెల్లునా యని ప్రశ్నింపవచ్చును. మా మండలమున హంద్రీనదిపై నున్న గాజులదిన్నె జలాశయమునకు దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టబడియున్నది. కర్నూలు చేరువ పెదపాడున పుట్టిన ఆ మహనీయుడు 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియై, 1962 మార్చిలో పదవిని నీలం సంజీవరెడ్డిగారికి విడిచిపెట్టెను. ఆ దిగుట ఆయన స్వయముగా కోరినది కాకపోవచ్చును. అయినను పదవి పోయినదని పార్టీని చీల్చలేదు, అలిగి ఇంట కూర్చుండలేదు. ఆ సంవత్సరమే అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షుడై పని కొనసాగించెను. ఆ సంజీవరెడ్డిగారును, మన కర్నూలు జిల్లా బస్సుమార్గముల జాతీయీకరణ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలు తమకు ప్రతికూలముగా నుండుటచే, 1964లో తామై రాజీనామా నిచ్చిరి. ఒకరు దింపగా మర్యాదతో దిగిరి. ఒకరు మర్యాదకొరకు తామే దిగిరి. ఇరువురికిని ఆ పిమ్మట పెద్ద పదవులు తమంత తామే ఎదురు వచ్చినవి.

మన సీమలోని సహకార సంఘములు, పాఠశాలా సమితులు, దేవస్థాన ధర్మకర్తల మండలులు రజతోత్సవములును స్వర్ణోత్సవములును జరుపుకొనునపుడు వ్యవస్థాపకుల చిత్రపటములకు పూలమాలలు వేయుట ఆచారము. వేయవలసినదే. కాని ఆ పటముల క్రింద కూర్చున్న నేటి పెద్దలకు ఒక విన్నపము. ఒంట సత్తువ యుండగానే మీ తరువాతివారిని మీ నోటనే సభలో పేర్కొనుడు. తాళపుచెవులను మీ చేతితోనే ఇండు. ఇచ్చిన పిమ్మట ఒక క్రోసెడు దూరముగా నివసింపుడు. ఆరాధనకు పోయినపుడు రాయరి సన్నిధిలో మ్రొక్కి, ప్రక్కనున్న వాదీంద్రుల రాతియెదుటకూడ ఒక్క నిమిషము నిలువుడు.