ఒక జైలు గోడ, ఒక సింఫనీ, పది లక్షల రికార్డులు

ఈరోజు ఒక సింఫనీ కథ. మొదటిసారి ఆఫీసులో కోడ్ రాస్తూ పెట్టుకున్నా. రెండు నిమిషాలైనా ఏమీ వినపడలేదు, హెడ్‌సెట్ పాడైందేమో అనుకుని తీసేశా. తప్పు హెడ్‌సెట్‌ది కాదు, నా తొందరది.

పోలండ్ కంపోజర్ హెన్రిక్ గొరెట్స్కీ. 1933లో పుట్టాడు. రెండేళ్లకే తల్లి పోయింది. 1960లో 'స్కాంట్రీ' అనే పెద్ద ఆర్కెస్ట్రా రచనతో, చెవులు అదిరే కొత్త సంగీతం రాసేవాడిగా పేరొచ్చింది. అలాంటివాడు 1976లో మూడో సింఫనీ రాశాడు. మూడు భాగాలు, మూడూ నెమ్మదే. మొత్తం యాభై నిమిషాల పైనే.

మొదటి భాగం అడుగున డబుల్ బేస్‌లు ఒక ట్యూన్ ఎత్తుకుంటాయి. అది పూర్తయ్యాక ఇంకో గుంపు అదే ట్యూన్ కాస్త పైనుంచి అందుకుంటుంది. మొదటివాళ్లు మాత్రం ఆపరు. అలా పొర మీద పొర. పావుగంట దగ్గరపడ్డాక గానీ గాయని గొంతు వినపడదు. అక్కడ పాడేది 15వ శతాబ్దపు ప్రార్థన, కొడుకు బాధ పంచుకోవాలనుకునే మేరీ మాత వేదన.

అసలు విషయం రెండో భాగంలో ఉంది. 1944 సెప్టెంబర్, జాకోపానె ఊరు. నాజీ గెస్టపో జైలు గదిలో హెలెనా అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి గోడ మీద నాలుగు మాటలు గీకింది. అమ్మా ఏడవకు అని, తనను కాపాడమని మేరీ మాతకు మొర. అలాంటి గోడల మీద కోపం, పగ రాసినవాళ్లు ఎందరో. ఈ పిల్ల మాత్రం తన గురించి కాదు, అమ్మ గురించి ఆలోచించింది. గొరెట్స్కీని పట్టేసింది అదే. మూడో భాగం ఒక జానపద పాట. తిరుగుబాటులో పోయిన కొడుకు కోసం వెతికే తల్లి.

1977లో ఫ్రాన్స్‌లోని రొయాన్‌లో మొదటి ప్రదర్శన. కొత్తదనం కోసం వచ్చిన విమర్శకులకు ఇంత సాదా సంగీతం నచ్చలేదు. పదిహేనేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1992లో డాన్ అప్‌షా పాడిన రికార్డు వచ్చింది. డేవిడ్ జిన్‌మన్ కండక్టర్, లండన్ సిన్‌ఫోనియెట్టా వాయించింది. బ్రిటన్ పాప్ ఆల్బమ్‌ల చార్టులో ఆరో స్థానం! పది లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి.

మరి సింఫనీలో ఏం మారింది? ఒక్క స్వరం కూడా మారలేదు. చాలామంది దీన్ని యుద్ధ సంగీతం అన్నారు. గొరెట్స్కీ ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో ఇది తల్లీబిడ్డల బంధం గురించి. రెండేళ్లకే అమ్మను పోగొట్టుకున్నవాడు ఆ మాట అంటే ఎలా కాదంటాం?

ఆయన 2010లో పోయారు. ఈ రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టి, ఆ మొదటి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. నాలా తీసేయకండి.