చుక్క ప్రక్కన చీటీ

ముంబయి నుండి చెన్నయికి పటము మీద నేరుగా గీత గీచినచో అది ఆదోనికి ఒకటి రెండామడల దూరంలోనే సాగుతుంది. రాత్రివేళ మిద్దె మీద పడుకొన్న ఎమ్మిగనూరు పిల్లవానికి ఆ దారిన పోయే విమానం కదిలే దీపం. ఎక్కడో గదిలో తెర ముందు కూర్చున్న కంట్రోలరుకు అది ఒక చుక్క. ఆ చుక్క యెవరిదో, యెంత యెత్తున వున్నదో దాని ప్రక్కనున్న చిన్న చీటీయే చెప్పాలి. ఆ చీటీ చరిత్రను ఈ పూట కొంత ముచ్చటింతము.

చీటీ మర్యాద ఆదోని వారికి కొత్త కాదు. 1925 నాటి ప్రత్తి జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం ప్రతి బేలు మీద ఫ్యాక్టరీ మార్కా, వరుస నంబరు వుండాలని విధించింది. ఆ ప్రత్తి యెవరిదన్న వివరం ఫ్యాక్టరీ రిజిస్టరులో వుండేది. దూరదేశపు మిల్లులో బేలు విప్పినప్పుడు కల్తీ బయటపడితే, ఆ రెండు గుర్తులు పట్టుకొని దాని పుట్టుక దాకా రావచ్చును. ఎమ్మిగనూరు నేతగాడు నూలు కట్ట మీద మొదట చూచేదీ నంబరే గదా!

ఇక విమానాల సంగతి. 1935 డిసెంబరులో అమెరికాలోని నెవార్క్‌లో మొదలైన నియంత్రణ కేంద్రంలో ఒక నల్లబల్ల, బల్ల మీద పరచిన పటము, ఆ పటము మీద విమానానికొక బిళ్ల వుండేవి. పేరు తగిలించిన ఆ బిళ్లలను చేతితో జరిపేవారు. వాటికి వారు పెట్టుకొన్న ముద్దుపేరు 'రొయ్యల పడవలు'. రాడార్ వచ్చిన పిమ్మట కూడా తెరను బల్లవలె పడుకోబెట్టి, చుక్కల వెంట బిళ్లలను నెట్టారు. జరపడం మరచితే పేరొకచోట, విమానమొకచోట! 1960ల నడుమ అట్లాంటాలో, యంత్రమే చుక్క ప్రక్కన అక్షరాలు వ్రాసి వెంట నడిపించే పద్ధతిని పరీక్షించారు.

యంత్రం వ్రాయగలదు గదా అని విమానం రకము, గమ్యము, వేగము అన్నీ వ్రాయించుదమా? చిక్కంతా ఇక్కడే వున్నది. రెండు విమానాలు దగ్గరైనకొద్దీ వాటి చీటీలు ఒకదానిపై ఒకటి పడతాయి. చదవడం అత్యవసరమైన క్షణంలోనే చదవరాకుండా పోతాయి. అందుచేత 35,000 అడుగుల యెత్తును 350 అని మూడంకెలలో చూపుతారు. చీటీని చుక్కకు సన్నని గీతతో కట్టి, ఇటో అటో త్రిప్పుకొనే వీలు కల్పించారు. తక్కిన వివరంలో కొంత కంట్రోలరు అడిగినప్పుడే కనిపిస్తుంది. మన బేలుకు రిజిస్టరు వున్నట్లే.

అయితే పొదుపు వేరు, లేమి వేరు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానమూ, కజకిస్తాన్ విమానమూ ఢీకొని 349 మంది మరణించారు. ఢిల్లీ నుండి బయలుదేరిన సౌదీ విమానానికి 14,000 అడుగులు, ఢిల్లీకి వస్తున్న కజక్ విమానానికి 15,000 అడుగులు నిర్ణయించారు. కజక్ విమానం తనకిచ్చిన యెత్తు కంటె క్రిందికి దిగినదని విచారణలో తేలింది. యెత్తును విమానంలోని పరికరమే పంపాలి. దానిని అడిగి రాబట్టేది ద్వితీయ రాడార్. ఢిల్లీలో అది అప్పటికి వాడుకలోకి రాలేదు. కంట్రోలరు చూస్తున్న తెర విమానాల దిక్కును, దూరాన్ని చూపింది గాని యెత్తును చూపలేదు. పైలట్లు నోటితో చెప్పినదే ఆధారం. ఆ మూడంకెలు ఢిల్లీ తెర మీదకు ఎక్కినది ఆ ప్రమాదం తరువాతనే.