బీపీ, మెదడు: సూక్ష్మదర్శిని చూపినదెంత?

రక్తపోటు ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. శవపరీక్షలో గట్టిపడిన నాళాల గోడలు, ఎంఆర్ఐలో తెల్లటి మచ్చలు ఇందుకు ఆనవాళ్లు. కానీ అవి జరిగిపోయిన నష్టాన్నే చూపిస్తాయి. నష్టం జరుగుతుండగా నాళం ఎలా ఉంటుందో తెలియాలంటే బతికున్న మెదడులోకి చూడాలి.

1990లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ రూపొందించిన టూ-ఫోటాన్ మైక్రోస్కోప్ అందుకు దారి తీసింది. దాని పరారుణ లేజర్ కణజాలంలో లోతుకు దిగుతుంది. కాంతి కేంద్రీకరించిన చోటే, ముందుగా ఎక్కించిన రంగు పదార్థం మెరుస్తుంది. ఎలుక మెదడు పైపొరలో కొన్ని వందల మైక్రాన్ల లోతున సాగే రక్తకణాల కదలికను కూడా దీనితో కొలవవచ్చు.

రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకెన్ నెడర్‌గార్డ్ బృందం ఈ మైక్రోస్కోప్‌తో ఎలుకల్లో చేసి, 2018లో ప్రచురించిన ప్రయోగాన్ని ఇక్కడ కాస్త వివరంగా చూడాలి. మెదడు ధమనుల చుట్టూ ఉండే సన్నటి ఖాళీలో మెదడు-వెన్ను ద్రవం పారుతుంది. ఆ ద్రవంలోకి ఒక మైక్రాన్ పరిమాణంలోని మెరిసే పూసలను వదిలి, ఒక్కొక్క దాని దారినీ గమనించారు. గుండె కొట్టుకునే లయలోనే పూసలు ముందుకు సాగాయి. యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్ ఎక్కించి రక్తపోటు పెంచినప్పుడు ధమని గోడ కదిలే తీరు మారింది, పూసలు వెనక్కి మళ్లడం ఎక్కువైంది, మొత్తంమీద ద్రవ ప్రవాహం తగ్గింది.

ఆ దృశ్యం ఎంత స్పష్టంగా ఉన్నా అది మత్తులో ఉన్న ఎలుకది, కొద్దిసేపు పెంచిన పోటుది. మనిషికి బీపీ దశాబ్దాల పాటు ఉంటుంది. పైగా యాంజియోటెన్సిన్-2 రక్తనాళాలను నేరుగా బిగిస్తుంది కాబట్టి, మార్పులో పోటు వాటా ఎంత, హార్మోన్ వాటా ఎంత అన్నది ఈ ఒక్క ప్రయోగంతో విడదీయలేం. ఈ అనుమానానికి ఆధారం ఉంది. కోస్టాంటినో యాడెకోలా బృందం 2016లో, నాళాల చుట్టూ ఉండే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలపై ఆ హార్మోన్ పనిచేస్తుందనీ, ఆ కణాలను తగ్గిస్తే ఎలుకల్లో రక్తనాళాల పనితీరు మెరుగవుతుందనీ చూపింది. ఇక మెదడు-వెన్ను ద్రవం మెదడులోని వ్యర్థాలను ఎంతవరకు తీసుకుపోతుందన్న దానిపైనా శాస్త్రవేత్తల మధ్య వాదం తెగలేదు.

మనుషుల్లో సాక్ష్యం వేరే దారిలో వచ్చింది. అమెరికాలో 9,361 మందితో జరిగిన స్ప్రింట్ మైండ్ అధ్యయనం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. పై బీపీని 140 కన్నా కిందికి తేవడం లక్ష్యంగా పెట్టుకున్నవారితో పోలిస్తే, 120 కన్నా కిందికి లక్ష్యం పెట్టుకున్నవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచనల్లో స్వల్ప లోపాలు తక్కువగా కనిపించాయి. డిమెన్షియా విషయంలో తేడా గణాంకపరంగా నిలబడలేదు. షుగర్ ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. బీపీ, షుగర్ కలిసే ఉన్నవారు మన ఇళ్లలో ఎందరో కనుక ఈ మినహాయింపును మరవకూడదు. బీపీ మాత్రలు మానకూడదనడానికి ఇలాంటి అధ్యయనాలే ఆధారం, ఎలుకలో పూసల కదలిక కాదు.

ఈ రెండు సాక్ష్యాలనూ కలపగల ప్రయోగం ఇలా ఉండాలని నా అభిప్రాయం: యాంజియోటెన్సిన్ ఎక్కించకుండా, వంశపారంపర్యంగా బీపీ వచ్చే ఎలుకలను తీసుకోవాలి. మత్తివ్వకుండా, అదే ధమనిని నెలల తరబడి మళ్లీ మళ్లీ చూడాలి. ఆపై మందుతో పోటు తగ్గించి, గోడ కదలిక, ద్రవ ప్రవాహం, జ్ఞాపకశక్తి మూడూ కోలుకుంటాయా, ఏది ముందు కోలుకుంటుంది అన్నది కొలవాలి.