ట్రక్కు మెదడు మార్చడం: చిప్ నుంచి తాళంచెవి దాకా

ఇంజన్ కంప్యూటర్ పాడైతే ఒకప్పుడు ఏం చేసేవాళ్లు? అమెరికాకి వెళ్దాం. 1970 క్లీన్ ఎయిర్ యాక్ట్ తర్వాత పొగ తగ్గించక తప్పలేదు. అలా అలా 1980ల్లో పికప్ ట్రక్కుల్లోకీ కంప్యూటర్ వచ్చేసింది.

1987 షెవర్లే పికప్‌నే తీసుకోండి. కంప్యూటర్ పోతే కొత్త డబ్బా కొంటారు. కానీ అది సగం ఖాళీ! ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, పెట్రోల్ ఎంత చిమ్మాలి, ఈ లెక్కలన్నీ ప్రోమ్ అనే చిన్న చిప్‌లో ఉంటాయి. పాత డబ్బా మూత విప్పి, ఆ చిప్ పీకి, కొత్తదాంట్లో గుచ్చాలి. దాని కాళ్లు వంగాయా, అంతే సంగతులు. తెలియక పాత డబ్బాని చిప్‌తో సహా షాపువాడికి ఇచ్చేస్తే, కొత్తది చేతిలో ఉన్నా బండి సరిగ్గా నడవదు.

ఫోర్డ్‌ది ఇంకో గొడవ. పాతబడ్డాక కెపాసిటర్లు కారి, బోర్డు మీది రాగి గీతల్ని తినేసేవి. ముందే కనిపెడితే మాత్రం సోల్డరింగ్ తెలిసినవాడు చవగ్గా బాగుచేసుకునేవాడు. నాకైతే ఆ రోజులే నచ్చుతాయి!

తర్వాత ఇమ్మొబిలైజర్ వచ్చింది. దొంగలకి చెక్ పెట్టింది, నిజమే. కానీ డబ్బా మారిస్తే అది మీ తాళంచెవినే గుర్తుపట్టదు. బిగించడం ఈజీ, ప్రోగ్రామింగ్‌కి మాత్రం డీలర్ దగ్గరికి పరుగు. ఈ మంటే పెరిగి పెరిగి, 2012లో మసాచుసెట్స్ ఓటర్లు రిపేర్ సమాచారం బయటి మెకానిక్‌లకీ ఇవ్వాల్సిందేనని ఓటేశారు.