బ్రైడ్‌కిర్క్ బాప్తిస్మపు తొట్టి: ఒక శిల్పి సంతకం, దాని పఠన చరిత్ర

ఇంగ్లండు వాయవ్య భాగంలోని కంబ్రియాలో, కాకర్‌మత్ పట్టణానికి సమీపాన బ్రైడ్‌కిర్క్ అనే చిన్న గ్రామం ఉంది. సెయింట్ బ్రిజిడ్ పేరిట వెలసిన చర్చి వల్ల ఊరికి ఆ పేరు వచ్చింది. ‘కిర్క్’ అంటే చర్చి. ఆ పదరూపం స్కాండినేవియన్ వలసల ప్రభావాన్ని సూచిస్తుంది. మధ్యయుగాల్లో ఈ చర్చి యార్క్‌షైర్‌లోని గిస్‌బరో మఠానికి చెందినది. నేటి భవనం 1868–70లో కట్టినది. పాత చర్చిలోని నార్మన్ ద్వారాలను అందులో అమర్చారు; పాత బలిపీఠ భాగపు శిథిలాలు ఆవరణలోనే ఉన్నాయి. కట్టడం మారినా, 12వ శతాబ్దపు రాతి తొట్టి మాత్రం నిలిచింది. శిశువులకు బాప్తిస్మమిచ్చే ఆ తొట్టిపై ఉన్న ఒకే ఒక వాక్యాన్ని పండితులు ఎలా చదివారన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

తొట్టి నాలుగు ముఖాలపైనా శిల్పాలున్నాయి. ఒకవైపు యోహాను చేత క్రీస్తు పొందిన బాప్తిస్మం, మరొకవైపు ఏదెను తోట నుండి ఆదాము, హవ్వల బహిష్కరణ కనిపిస్తాయి. ఇంకొక ముఖంపై, తీగల అల్లిక నడుమ, సుత్తి, ఉలి పట్టుకుని పనిచేస్తున్న మనిషి ఉన్నాడు. శాసనం ఆ ముఖంపైనే, పట్టీ ఆకారంలో ఉంది.

శాసన లిపి స్కాండినేవియన్ రూన్ లిపి. అందులో అక్కడక్కడ ఆనాటి ఆంగ్ల రాతప్రతుల అక్షరాలు కలిశాయి. భాష మాత్రం తొలి మధ్య ఆంగ్లం. చర్చి లాటిన్‌లోనూ, నార్మన్ ప్రభువర్గం ఫ్రెంచిలోనూ వ్యవహరిస్తున్న కాలమది. రికార్త్ తనను చేశాడని, ఈ శోభకు తీసుకొచ్చాడని తొట్టే ఉత్తమపురుషలో చెప్పుకుంటుంది. వస్తువు చేతనే మాట్లాడించడం పాత ఆంగ్ల సంప్రదాయమే. ఆల్ఫ్రెడ్ ఆభరణంపైనా అటువంటి వాక్యమే ఉంది. ఇక్కడి విశేషం, వాక్యం రెండు పాదాలుగా విరిగి, ‘చేశాడు’, ‘తెచ్చాడు’ అనే క్రియల మధ్య అంత్యప్రాస కుదరడం. దాత పేరు ముందుండే శాసనాలకు అలవాటుపడిన మనకు, దాత ఊసే లేని ఈ వాక్యం కొంత వింతగానే తోస్తుంది.

అయితే రికార్త్ పేరు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. విలియం కామ్డెన్ తన ‘బ్రిటానియా’ గ్రంథంలో ఈ తొట్టిని ప్రస్తావించి, ఇది దగ్గరలోని రోమన్ స్థావరమైన పాప్‌కాజిల్‌లో దొరికిందన్నాడు. అక్షరాలను ఎత్తి రాసి, అవి ఏ జాతివో తనకు తెలియదని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు తరువాతి పఠనం కన్నా మేలైనది. 1685లో విలియం నికల్సన్ (తరువాత కార్లైల్ బిషప్) సర్ విలియం డగ్‌డేల్‌కు రాసిన లేఖలో శాసనానికి అర్థం చెప్పాడు. అతని పఠనంలో రికార్త్ పేరు ‘ఇక్కడ ఎకార్డ్’ అన్న మాటలుగా విడిపోయింది. ఎకార్డ్ అనే వాడు ఇక్కడ మతం మారాడని, అతని ఆదర్శంతో డేన్‌లు కూడా అదే దారి పట్టారని భావం తేలింది. ఒక పనివాడి సంతకం ఒక జాతి మతాంతరీకరణ గాథగా మారిపోయింది!

నికల్సన్ అజ్ఞాని కాడు. ఉత్తర దేశపు ప్రాచీనాలను శ్రద్ధగా వెతికినవాడు. కాని రూన్ లిపి కనబడగానే డేన్‌లు, బాప్తిస్మపు తొట్టి కనబడగానే మతాంతరీకరణ అతని మనసులో ముందే సిద్ధంగా ఉన్నాయని నా అభిప్రాయం. పదవిభజన ఆ ఊహను అనుసరించింది. ప్రాసను గమనించి ఉంటే అతని విభజన నిలిచేది కాదు. లిపిని బట్టి భాషను, భాషను బట్టి జాతిని నిర్ణయించే తొందర శాసన పరిశోధనలో నేటికీ పూర్తిగా పోలేదు.

19వ శతాబ్దంలో రూన్ అధ్యయనం శాస్త్రీయ రూపం పొందాక పఠనం సరిదిద్దబడింది; రికార్త్ మళ్ళీ శిల్పి అయ్యాడు. ఉలి పట్టిన ఆ మనిషి అతని స్వీయచిత్రమని పలువురు భావిస్తారు. ‘శోభ’ అన్న పదం తరువాత ఉన్న చిన్న మాటపై మాత్రం పండితులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు.