పెద్దవయసులో బయటపడే పుట్టు ఫిస్టులా

అన్నవాహికకూ శ్వాసమార్గానికీ నడుమ పుట్టుకతోనే ఉండిపోయే అసహజ మార్గాన్ని, అంటే ఫిస్టులాను, వైద్య చరిత్రలు చాలావరకు పసికందుల వ్యాధిగానే చెబుతూ వచ్చాయి. 1670లో డర్స్టన్, 1697లో గిబ్సన్ చేసిన వర్ణనలు, 1941లో మిషిగన్‌లో కామెరాన్ హైట్ సాధించిన శస్త్రచికిత్సా విజయం అందరికీ తెలిసిన ఘట్టాలే. అయితే అవి అన్నవాహిక మధ్యలో మూసుకుపోయి, పాలు దిగక, పుట్టిన కొద్ది రోజుల్లోనే బయటపడే లోపానికి సంబంధించినవి. అన్నవాహిక సవ్యంగానే ఉండి, పక్కగా ఒక సన్నని దారి మాత్రం ఊపిరితిత్తి వైపు తెరుచుకున్న రోగుల సంగతి వాటిలో ఇమడదు.

ఆ రోగులను 1965లో బ్రెయిమ్‌బ్రిడ్జ్, కీత్ నాలుగు తరగతులుగా విభజించారు. వాటిలో అన్నవాహిక నుంచి తిన్నగా ఊపిరితిత్తిలోని శ్వాసనాళ శాఖలోకి పోయే పొట్టి మార్గమే ఎక్కువగా కనిపిస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపం నలభై, యాభై ఏళ్లు ఎలా దాగి ఉంటుందన్న ప్రశ్నకు, రంధ్రాన్ని మూసిన పలుచని పొర ఆలస్యంగా చిరుగుతుందనీ, శ్లేష్మపు మడత దానికి మూతలా పనిచేస్తుందనీ, అన్నవాహిక నుంచి పైకి ఏటవాలుగా సాగే మార్గంలోకి ద్రవం సులువుగా ఎక్కదనీ సమాధానాలు వచ్చాయి. ఇవి కొందరి విషయంలో నిజమే కావచ్చు గాని, నీళ్లు తాగగానే దగ్గు తెరలుతెరలుగా రావడం, పదేపదే న్యుమోనియా సోకడం చిన్ననాటి నుంచీ ఉన్న రోగులకు ఏ పొరా అడ్డుపడలేదన్నది స్పష్టం. వారిలో దాగినది వ్యాధి కాదు. దగ్గు ఘనాహారంతో వస్తుందా, ద్రవాలతోనా అని అడిగినవారు లేకపోవడమే ఆలస్యానికి అసలు కారణమనిపిస్తుంది. క్షయ విస్తారంగా ఉన్న భారతదేశం వంటి చోట్ల దీర్ఘకాలపు దగ్గు, కఫంలో రక్తం మొదట ఆ అనుమానానికే దారి తీయడం సహజం.

చిక్కేమిటంటే, క్షయ సోకిన లింఫు గ్రంథులు కరిగి కూడా ఇటువంటి ఫిస్టులాను కలిగించగలవు. చుట్టూ వాపు, అతుక్కున్న గ్రంథులు లేకపోవడం, మార్గం లోపల శ్లేష్మపు పొర ఉండటం పుట్టు లోపానికి గుర్తులంటారు. కానీ తరువాత ఏర్పడిన మార్గంలోనూ కాలక్రమేణా పైపొర పెరగవచ్చు, పుట్టు మార్గం చుట్టూ దాని వల్లనే ఇన్ఫెక్షన్ చేరవచ్చు. కాబట్టి గోడలో క్రమమైన కండర పొర కనిపించడమే కాస్త నమ్మదగిన సాక్ష్యం.

నేడు సీటీ స్కాన్ మీద పెరిగిన నమ్మకం పూర్తిగా సమర్థనీయం కాదు. సన్నని మార్గం స్కాన్‌లో తప్పిపోయినా, బేరియం మింగించి తీసే పాత ఎక్స్‌రే పరీక్షలో తరచు దొరుకుతుంది. ఎండోస్కోపీ ద్వారా క్లిప్పులు, జిగురు వాడి మూసే పద్ధతులు ఆకర్షణీయమే అయినా, మార్గాన్ని కోసి రెండు చివరలూ కుట్టి, చెడిన ఊపిరితిత్తి భాగాన్ని తొలగించే శస్త్రచికిత్సకు అవి సాటి అని చెప్పదగిన దీర్ఘకాలిక ఆధారం ఇంకా లేదు.